రెండు గడుల్లో ఒకే నంబరు

నా దస్తూరీ బాగుంటుందని ఆ రిజిస్టరు నాకిచ్చారు. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు వారాలు. టాటానగర్ పక్కన గమ్హరియాలో గేర్లు, షాఫ్టులు తయారుచేసే ఫ్యాక్టరీ అది. కంప్యూటర్ల నెట్‌వర్క్ చూసే విభాగంలో మేం ముగ్గురమే. కద్మా నుంచి స్కూటరు మీద వచ్చే మా సార్, తెలుగువారే. పదిహేనేళ్లుగా అక్కడే కేబుళ్లు లాగుతున్న టెక్నీషియన్, ఆయన్ని భయ్యా అని పిలిచేదాన్ని. ట్రైనీగా నేను. రెండు వేల నాలుగు, ఐదు, ఆ ప్రాంతం. సిద్ధగోరా నుంచి రెండు ఆటోలు మారి వెళ్లేదాన్ని. మనుషులతో పెద్దగా మాట్లాడక్కర్లేని పని దొరికిందని లోపల సంతోషించాను. ఇంటికొచ్చి డైరీలో మూడు పేజీలు రాసే నేను ఆఫీసులో రోజంతా కలిపి మూడు వాక్యాలు మాట్లాడితే ఎక్కువ.

స్విచ్ అంటే ఏమిటో అప్పట్లో అమ్మకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. గోడకుండే దీపం స్విచ్ కాదు. వెడల్పాటి ఇనప పెట్టె, ముందువైపు వరసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక్కో కేబులు. ఈ కంప్యూటరు పంపింది ఆ కంప్యూటరుకు చేర్చడం దాని పని. దానికీ లోపల ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. తయారుచేసిన కంపెనీ అప్పుడప్పుడూ కొత్తది విడుదల చేస్తుంది, దాన్ని దింపుకుని పాతదాని స్థానంలో పెట్టాలి. ఆ ఫైలులో ఒక్క ముక్క పాడై ఉన్నా పెట్టె మళ్లీ లేవకపోవచ్చు. లేచినా నమ్మడానికి లేదు.

అందుకని కంపెనీ తన వెబ్ పేజీలో ప్రతి ఫైలు పక్కనా ముప్పై రెండు అక్షరాల నంబరు ఒకటి ఇస్తుంది. అంకెలూ, ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన నంబరు. మన దగ్గరికి వచ్చిన ఫైలు నుంచి అదే పద్ధతిలో మనమూ ఒక నంబరు లెక్కకట్టాలి. రెండూ ఒకటైతే ఫైలు చెక్కుచెదరకుండా వచ్చినట్టు. ఒక్క అక్షరం మారినా దాన్ని ముట్టుకోకూడదు. రిజిస్టరులో రెండు గడులు ఇందుకే. ఒకదాంట్లో కంపెనీ చెప్పిన నంబరు, పక్కదాంట్లో మనం లెక్కకట్టిన నంబరు. చివర్లో సార్ సంతకం.

హీట్ ట్రీట్‌మెంట్ షెడ్డులోని స్విచ్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాలని అనుకున్న వారం ఫైలు దింపే పని నాకు పడింది. సార్ పొద్దున్నే కంపెనీ పేజీలో తన పాస్‌వర్డ్ కొట్టి, దింపడం మొదలుపెట్టించి, ఇంట్లో పనుందని వెళ్లిపోయారు. మా ఇంటర్నెట్ లైను మూడుసార్లు తెగింది. తెగిన చోటు నుంచి మళ్లీ అందుకునే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉండేది. అది అతుకులు వేసుకుంటూ వేసుకుంటూ సాయంత్రానికి ఫైలు పూర్తి చేసింది. నంబరు చూద్దామని పేజీకి వెళితే మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది.

సార్ ఇంటికి ఫోన్ చేసి అడగొచ్చు. ఆయన ఇంటి నంబరు గోడకు అతికించే ఉంది. రిసీవరు రెండుసార్లు ఎత్తి రెండుసార్లూ పెట్టేశాను. వాళ్లావిడ ఎత్తితే ఎవరని చెప్పాలి, తెలుగులో మొదలుపెట్టాలా హిందీలోనా, ఈ వేళప్పుడు ఆడపిల్ల ఎందుకు చేసిందనుకుంటారా. ఇవీ నా ఆలోచనలు. బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో భయ్యా తాళాల గుత్తి తిప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"హో గయా మేడమ్? మేరీ బస్ నికల్ జాయేగీ."

"హో గయా" అన్నాను, అయిపోయిందని.

మన కంప్యూటరులో లెక్కకట్టిన నంబరునే రెండు గడుల్లోనూ రాసేశాను. రేపు పొద్దున్న అసలుది చూసి, తేడా ఉంటే దిద్దుకోవచ్చనుకున్నాను. మర్నాడు నేను వెళ్లేసరికే సార్ బల్ల దగ్గర ఉన్నారు. రిజిస్టరు ఆయన ముందు తెరిచి ఉంది.

"అచ్చు వేసినట్టు రాత్తావు కదమ్మా" అన్నారు. అంటూనే సంతకం పెట్టేశారు.

సంతకం పడ్డాక చెప్పడం నా వల్ల కాలేదు. ఆ సాయంత్రం డైరీలో మాత్రం జరిగింది జరిగినట్టు రాసుకున్నాను. ఫైలు బాగానే ఉండి ఉంటుందని కూడా రాశాను. ఆ వాక్యం కింద గీత గీశాను, ఎందుకో.

ఆ షెడ్డు గురించి చెప్పకపోతే నా భయం అర్థం కాదు. అక్కడి కొలిమిలోకి ఒక గ్యాసు పంపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు. లీకైతే మనిషికి తల తిరుగుతుంది, ఆ తర్వాత తెలివి తప్పుతుంది. నేను చేరడానికి ముందు ఏడాది ఇద్దరు కూలీలు అలాగే పడిపోతే బయటికి మోసుకొచ్చి బతికించారట. అప్పటి నుంచి షెడ్డులో ఆరుచోట్ల గ్యాసును కనిపెట్టే పరికరాలు పెట్టారు. వాటి అంకెలు కంట్రోల్ రూములో తెర మీద కనబడతాయి, హద్దు దాటితే హారన్ మోగుతుంది. ఆ ఆరు పరికరాల నుంచి ఆ తెర దాకా అన్నీ పోయేది ఒక్క స్విచ్ గుండానే.

ఆదివారం కొలిమి ఆపుతారు, అప్పుడే మార్చాలి. శనివారం సాయంత్రం అన్నాల దగ్గర నేను మెతుకులు కెలుకుతూ కూర్చున్నాను. నాన్న రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేసి ఆ మధ్యే రిటైరయ్యారు. టాటానగర్ దాటాక ఉండే చిన్న చిన్న స్టేషన్లలోనే సర్వీసంతా గడిచింది. రిజిస్టర్లంటే ఆయనకు ఇష్టం. నా ఉద్యోగంలోనూ ఒకటి ఉందని తెలిశాక రోజూ దాని గురించే అడిగేవారు.

"ఏటమ్మా, కూరలో ఉప్పు సాల్లేదేటి? అలా కూకున్నావు."

"కుఛ్ నహీ, నాన్నా."

"రేపేదో పెట్టి మార్చుతారన్నావు. నంబర్లు సరిపోయినాయా?"

"సరిపోయాయి."

"ఇద్దరి నంబర్లూనా? అవతలోడు ఇచ్చినాడా, నువ్వే రాసీసినావా?"

నా చేయి కంచంలోనే ఆగిపోయింది. ఆయనకు ఏమీ తెలియదు. అది ఆయన అలవాటు ప్రశ్న. గేటు మూశాక గేటుమాన్ ఫోనులో స్టేషన్ మాస్టరుకు ఒక నంబరు చెబుతాడు. ప్రైవేటు నంబరు అంటారు. అది గేటుమాన్ దగ్గరున్న కాగితంలో తప్ప ఎక్కడా ఉండదు. ఆ నంబరు విని రాసుకున్నాకే బండికి సిగ్నల్ ఇవ్వాలి. చిన్నప్పటి నుంచి ఇది వింటూనే ఉన్నాను.

"ఒకడుండీవోడు, మా బేచ్‌లోనే" అన్నారు నాన్న మజ్జిగ పోసుకుంటూ. "వానలో ఫోను సరిగా ఇనపడక, గేటోడి నంబరు ఆడే ఏదోటి కల్పించి రాసీనాడు. రోజూ మూత్తాడు కదా, ఇయాల మాత్రం మూయడేటి అని."

"తర్వాత?"

"తర్వాతేటి. గేటు తీసే ఉంది. గూడ్సు బండి కాబట్టీ, గేటు మీద ఒక ఆవు తప్ప ఇంకోటి లేదు కాబట్టీ సరిపోయినాది. రిజిస్టరు మాత్రం దివ్యంగా ఉంది. ఎంక్వయిరీలో ఆపీసరు అదే అన్నాడు."

అమ్మ నవ్వింది. నేను చేయి కడుక్కుని లేచాను. అప్పుడే సార్‌కు ఫోన్ చేయాలి. ఇంటి పక్కన ఎస్టీడీ బూత్ తెరిచే ఉంది. నేను చెప్పులేసుకుని దాని దాకా వెళ్లి, లోపల ఎవరో మాట్లాడుతుంటే వాళ్లయ్యేదాకా నిలబడి, వాళ్లు బయటికి వచ్చాక ఇంటికి తిరిగొచ్చేశాను.

ఆదివారం పదిన్నరకి షెడ్డు చేరాం. కొలిమి చల్లబడి ఉంది, గ్యాసు వాల్వుకు తాళం వేసి ఉంది. ఒంటిగంటకు వాల్వు తెరవాలని ఫోర్‌మన్ ముందే చెప్పేశాడు. బీహారు మనిషి, పెద్ద మీసాలు.

"ఏక్ బజే తక్ స్క్రీన్ దో న దో, భట్టీ తో చలేగీ" అన్నాడు. తెర ఉన్నా లేకున్నా కొలిమి ఆగదని.

"గ్యాసు లీకైతే ఎలా తెలుస్తుంది?" అని సార్ హిందీలో అడిగారు.

"నాక్ కిస్‌లియే దీ హై భగవాన్‌నే" అని ముక్కు మీద వేలు పెట్టుకుని నవ్వాడు. కూలీలూ నవ్వారు. వాసన లేని గ్యాసుకు ముక్కెందుకు పనికొస్తుంది? ఆ మాట వాళ్లందరికీ తెలుసు. తెలిసే నవ్వారు.

స్విచ్ కంట్రోల్ రూములో ఒక మూల ఉంది. దాంట్లో పాత సాఫ్ట్‌వేర్, కొత్తది, రెండూ పట్టేంత చోటు లేదు. పాతది చెరిపితేగాని కొత్తది ఎక్కదు. సార్ పాతది చెరిపారు. పెట్టె అప్పటికే నడుస్తోంది గనక పాత సాఫ్ట్‌వేర్ దాని జ్ఞాపకంలో ఉండి పనిచేస్తూనే ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపూ. సార్ తన లాప్‌టాప్ నుంచి కొత్త ఫైలు ఎక్కించారు. ఎక్కాక, పెట్టెలోకి చేరిన ఫైలుకు మళ్లీ ఒకసారి నంబరు లెక్కకట్టమని ఆదేశం ఇచ్చారు. కాసేపటికి తెర మీద ముప్పై రెండు అక్షరాలు వచ్చాయి.

ఇక్కడ మా విభాగంలో ఒక పద్ధతి ఉంది. ఒకరు తెర మీద నుంచి నాలుగేసి అక్షరాలు చదవాలి, ఇంకొకరు రిజిస్టరులో వేలు పెట్టి చూస్తూ కలిస్తే అవునని చెప్పాలి. సార్ చదివారు. నేను అవునన్నాను. ఎనిమిదిసార్లు అవునన్నాను. ప్రతిదీ నిజమే. ప్రతి అక్షరమూ కలిసింది. నా వేలి కింద ఉన్నది ఆ ఫైలు తన గురించి తాను చెప్పుకున్న నంబరే కనుక కలవకుండా ఎలా ఉంటుంది?

"మిల్ గయా" అన్నాడు భయ్యా, కలిసిందని. "అబ్ రీలోడ్ మారియే సర్, ఖానా ఠండా హో రహా హై."

అన్నం చల్లారిపోతోందని ఆయన తొందర. రీలోడ్ అంటే పెట్టెను ఆపి మళ్లీ లేపడం. సార్ ఆ మాట టైపు చేశారు. ఖాయమేనా అని తెర అడిగింది. ఇక ఎంటర్ కొట్టడమే.

"సార్" అన్నాను. ఫ్యాను హోరులో నాకే వినపడలేదు. పెట్టె లేవకపోవడం కాదు నేను భయపడింది. లేచి, తెర మీద ఆరు అంకెలూ సున్నా దగ్గర బిగుసుకుపోతే? అందరూ ఆ సున్నాలు చూసి నిశ్చింతగా పనిచేసుకుంటూ ఉంటే? నా చేతిలో పెన్ను ఉంది. కంపెనీ నంబరు అన్న గడి మీద అడ్డంగా, పెద్ద అక్షరాలతో, 'ఇది కంపెనీ ఇచ్చింది కాదు, నేనే రాశాను' అని రాసి రిజిస్టరును కీబోర్డు మీద పెట్టాను.

సార్ చదివారు. మళ్లీ చదివారు. చేయి వెనక్కి తీసుకున్నారు.

"ఎప్పుడు రాశావు?"

"దింపిన రోజే సార్. పాస్‌వర్డ్ అడిగింది. మీరు లేరు."

"ఫోన్ చెయ్యలేకపోయావా?"

నేను పెన్నుకు మూత పెట్టాను.

"అంటే ఇంతసేపూ అద్దంలో మన మొహం మనమే చూసుకుని, అచ్చం మనలాగే ఉన్నామని మురిసిపోతున్నామన్నమాట" అన్నారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆయన మొహం చూస్తే ఆయన కూడా భయపడుతున్నారని తెలిసింది. అది చూసి నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. "పాతది చెరిపేసేను. ఇప్పుడు కరెంటు పోతే ఈ పెట్టె ఏ సాఫ్ట్‌వేర్‌తో లేవాలో దానికే తెలీదు. నువ్వు వెళ్లి బెంగళూరులో కంపెనీవాళ్లకి ఫోన్ చెయ్యి. నేను దీని దగ్గర నుంచి కదల్ను."

ఎవరూ తెరవకుండా భయ్యాను వాల్వు దగ్గర నిలబెట్టారు. నేను ఫోర్‌మన్ గాజు గదికి వెళ్లాను. ఫోనుకు తాళం ఉంది. తాళంచెవి ఫోర్‌మన్ జేబులో.

"కహా లగానా హై, మేడమ్ జీ?"

"బెంగళూర్."

"బెంగళూర్?" అన్నాడు. "ఇస్ ఫోన్ సే తో మైనే అప్నే ససురాల్ నహీ లగాయా." అత్తారింటికి కూడా ఆ ఫోనులో మాట్లాడలేదట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు, కదలలేదు కూడా. కాసేపు చూసి తాళం తీశాడు.

బెంగళూరులో ఎత్తినాయన ఆ నంబరు వెబ్ పేజీలోనే ఉందన్నాడు. పేజీ ఇక్కడ తెరవలేనని, పెట్టె పేరు ఇది, ఫైలు పేరు ఇది అని, నేనే ఇంగ్లీషులో చెప్పాను. అంత పొడుగు వాక్యాలు అపరిచితుడితో అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన చదువుతుంటే రాసుకున్నాను. బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ. మధ్యలో షెడ్డులో ఏదో ఇనుము కింద పడి, రెండక్షరాలు పోయాయి. మళ్లీ మొదటి నుంచి చదవమన్నాను. ఆయన విసుక్కున్నాడు. మళ్లీ అడిగాను. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు రాశాక, రెండింటినీ పోల్చుకున్నాక, అప్పుడు రిజిస్టరులో నా గడి గుర్తు చేసుకున్నాను. మాది ఏడుతో మొదలవుతుంది. కంపెనీది సి అక్షరంతో.

కాగితం పట్టుకుని పరుగెత్తాను. సార్ చూసి ఒక్క మాటే అన్నారు. "అతుకుల్లో పోయుంటుంది."

పాత సాఫ్ట్‌వేర్ ఫైలు ఆఫీసు బీరువాలో సీడీ మీద ఉంది. వాల్వు దగ్గర నుంచి భయ్యాను పిలిచి పంపితే సైకిలు మీద వెళ్లి తెచ్చాడు. సార్ పాడైన ఫైలు చెరిపి పాతది ఎక్కించడం మొదలుపెట్టారు. ఎక్కుతున్నప్పుడు తెర మీద ఆశ్చర్యార్థకం గుర్తులు ఒకదాని పక్కన ఒకటి పడుతుంటాయి, ఒక్కో ముక్క చేరినకొద్దీ. రెండు వరసలు నిండాయి. మూడో వరస మధ్యలో ఫ్యాను ఆగింది. దీపాలు పోయాయి. గమ్హరియాలో ఆదివారం కరెంటు పోవడం విశేషమేమీ కాదు.

పెట్టె ఆగలేదు. బల్ల కింద యూపీఎస్ బీప్ అంది. దాని బ్యాటరీ మార్చాలని ఆర్నెల్లుగా అనుకుంటూ ఉన్నదే. భయ్యా నోట్లోని ఖైనీ పొగాకు నమలడం మానేశాడు. నేను ఆ గుర్తులు లెక్కపెట్టాను, బీప్‌లు లెక్కపెట్టాను, మళ్లీ రెండూ కలిసిపోయి మొదటికొచ్చాను. బీప్‌ల మధ్య వ్యవధి తగ్గుతోంది. ఫోర్‌మన్ గుమ్మంలోకి వచ్చి వాచీ చూపించాడు. భయ్యా లేచి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. "దస్ మినట్. హాథ్ జోడ్‌తా హూఁ" అన్నాడు. నేను చేరాక భయ్యా ఎవరి ముందూ చేతులు జోడించగా చూడలేదు.

ఫైలు ఎక్కింది. నంబరు లెక్కకట్టమన్నారు సార్. పాత ఫైలు వరస రిజిస్టరులో నాలుగు పేజీల వెనక ఉంది. నా ముందు పనిచేసి వెళ్లిపోయిన ఎవరో రాసింది, కోడిగీతల దస్తూరీ. దాని పక్కన కంపెనీ పేజీ ప్రింటు కూడా అతికించి ఉంది. సార్ చదవడం మొదలుపెట్టారు. నేను ఈసారి ప్రింటు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం చూసి అవునన్నాను. ఎనిమిదోసారి అవునన్న తర్వాత ఒకటో రెండో నిమిషాలు గడిచాయేమో. యూపీఎస్ పొడుగ్గా కూసి ఆగిపోయింది. పెట్టె మీది దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

కరెంటు వచ్చేదాకా అరగంట మేం ముగ్గురం ఆ చీకటి గదిలో కూర్చున్నాం. భయ్యా తన డబ్బాలోంచి శనగపిండి కూరి కాల్చిన లిట్టీ ఉండలు తీసి తలా ఒకటి ఇచ్చాడు. నేను పట్టుకునే కూర్చున్నాను. ఫ్యాను కదిలినప్పుడు సార్ లేచి లాప్‌టాప్ దగ్గరికి వెళ్లారు. పెట్టె తనను తాను పరీక్షించుకుంటూ వరసలు వరసలుగా ఏవో రాసుకుపోయింది. దాని దీపాలు కాషాయం రంగులో వెలిగి, చాలాసేపు అలాగే ఉండి, ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. కంట్రోల్ రూము తెర మీద ఆరు అంకెలు వచ్చాయి. సార్ భయ్యాను బయటికి పంపి, పరీక్ష కోసం ఉంచిన చిన్న సిలిండరు ఒక పరికరం దగ్గర విప్పించారు. అంకె కదిలింది. హారన్ మోగింది. రెండున్నరకి వాల్వు తెరిచారు.

ఆలస్యం ఎందుకైందని ఫోర్‌మన్ అడిగితే సార్ నా వైపు చూశారు. ఆయన చెబుతారేమోనని ఆగాను. చెప్పలేదు.

"గల్తీ మేరీ థీ" అన్నాను. తప్పు నాదేనని. పక్కనే కూలీలున్నారు. ఫోర్‌మన్ మీసం దువ్వుకుని, "అగ్లీ బార్ మత్ కర్నా" అన్నాడు. ఇంకోసారి చేయొద్దని చెప్పి వెళ్లిపోయాడు. అంతే.

సోమవారం సార్ రిజిస్టరు ముందు పెట్టి, "ఇలా ఇంకెన్ని రాశావు?" అన్నారు.

"ఇదొక్కటే సార్."

"ఖాయంగా?"

ఖాయమే. ఆ మాట అనడానికి నోరు తెరిచి ఆగిపోయాను. అది కాక నా దస్తూరీలో ఇంకో పది వరసలున్నాయి. ఏ రోజు ఏ హడావుడిలో ఏం రాశానో ఒక్కొక్కటీ తలచుకుంటే ఏదీ గట్టిగా గుర్తు రావడం లేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి, అందంగా, ఒక్క కొట్టివేత లేకుండా.

పదీ మళ్లీ చూశాం. సార్ తన పాస్‌వర్డ్‌తో పేజీ తెరిచి నన్ను కూర్చోబెట్టారు. నేను తెర మీది నంబరు చదవాలి, భయ్యా రిజిస్టరు చూసి చెప్పాలి. ప్రతిసారీ భయ్యా చూపు కిందికి వెళ్లి పైకి వచ్చేదాకా నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. ఒకటి కలిసింది. రెండోది కలిసింది. తొమ్మిదింటి తర్వాత పదోదాని పేజీ దొరకలేదు, చాలా పాత మోడలు. మళ్లీ బెంగళూరుకు ఫోన్. ఈసారి సార్ పక్కనే నిలబడ్డారు, అయినా నాచేతే చేయించారు. కలిసింది.

సార్ ప్రతి వరస చివరా కొత్తగా సంతకం పెట్టారు. పెట్టి, పెన్ను భయ్యాకిచ్చారు.

"ఇకనుంచి నంబరు తేవడం నువ్వు తే. రాయడం ఆయన రాత్తాడు" అన్నారు నాతో.

భయ్యా ఇంగ్లీషు అక్షరాలు బడిపిల్లాడిలా రాస్తాడు. ఆయన బి చూస్తే ఎనిమిదిలా ఉంటుంది. ఆ తర్వాత నేను అక్కడ పనిచేసిన రెండేళ్లూ నేను ఫోనులోనో తెర మీదో చూసి చదవడం, ఆయన రాసి, నాకు తిరిగి చదివి వినిపించడం, ఎనిమిదా బియా అని నేను అడగడం. ఒక్కో నంబరుకు పావుగంట పట్టేది. రిజిస్టరు రాసే పని చేజారినందుకు నాకు బాధ కలగాలి. కలగలేదు. ఆయన వంకర అక్షరాలు ఒక్కొక్కటే గడిలో పడుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని.